ఖాళీ సముద్రాలు

జూన్ 6

అన్నయ్యా,

ముందు ఈ కాగితాన్ని వెనక్కి తిప్పి చూడు. చూశావా? నవ్వావా? నవ్వడం పూర్తయ్యాక మళ్లీ ఇటు తిప్పి చదువు.

అది సముద్రం. పైనున్నది ఆకాశం, అడుగున కనబడే పసుపుపచ్చ చార ఇసుక. వదిన చూసి ఏదో ఒలికిందనుకుంటుంది, అనుకోనీ. అరవై రెండేళ్ల వయసులో నీ చెల్లెలు వేసిన మొట్టమొదటి బొమ్మ అది. బళ్లో మామిడికాయ గీయమంటే నా పలక నీకిచ్చి గీయించుకున్నదాన్ని, గుర్తుందిగా.

సంగతేమిటంటే, ఇక్కడ పడవల రేవులో టికెట్లు కోసిచ్చే ఆయన ఒకడున్నాడు. శనివారాలు పొద్దున మొదటి పడవ వెళ్లాక రెండోది వచ్చేదాకా ఆయనకి రెండు గంటలు పనుండదు. ఆ రెండు గంటలూ ప్రయాణికులు కూర్చునే హాల్లో బల్లలు వేసి పెద్దవాళ్లకి నీటిరంగులు నేర్పుతాడు. టికెట్ల కిటికీ పక్కన చిన్న కాగితం అంటించాడు: "బొమ్మలు అసలు రానివాళ్లకి మాత్రమే." అది చదివాక ఇంతకన్నా నాకు తగిన చోటు ఇంకెక్కడ దొరుకుతుందని చేరిపోయాను. ఏడుగురం ఉన్నాం.

మొదటిరోజు అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. కాగితమంతా తడిపి, దాని మీద రంగు పెట్టమన్నాడు మాస్టారు. రంగు ఎటు పాకిందో తెలియక ఒక్కొక్కళ్లూ లబోదిబోమంటున్నారు. నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రి బట్టల సెక్షన్లో పనిచేసినదానికి తడిలో రంగు ఎలా పాకుతుందో ఒకరు చెప్పాలా? ఎన్ని దుప్పట్లు, ఎన్ని మరకలు చూశాను! మాస్టారు నా కాగితం చూసి, "మీరు ఇంతకుముందు నేర్చుకున్నారా?" అనడిగాడు. "నేర్చుకోలేదండీ, ఉతికాను" అన్నాను.

నువ్వు పోయినసారి చేయించి పంపిన కళ్లజోడు పెట్టుకునే వేశాను. అది లేకపోతే రంగేదో నీళ్లేవో తెలిసేది కాదు. నీకు వెయ్యి దండాలు. ఇకనుంచి వారానికో బొమ్మ పంపిస్తాను. దాచుకో, పారెయ్యి, నీ ఇష్టం.

రంగు చేతుల
నీ చెల్లి


జూన్ 17

చెల్లాయ్,

బొమ్మ అందింది. నవ్వలేదు. స్కేలు పెట్టి కొలిచాను.

ఎడమ అంచు దగ్గర మొదలైన సముద్రం కుడి అంచుకి వచ్చేసరికి నాలుగు మిల్లీమీటర్లు దిగిపోయింది. అలాగైతే నీళ్లన్నీ కుడివైపునుంచి కారిపోయి పక్కింటివాళ్లు తగాదాకి వస్తారు. నేను సర్వీసులో ఉంటే నీ సముద్రానికి జరిమానా వేసేవాణ్ణి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా రిటైరై తొమ్మిదేళ్లయినా నా కన్ను ఊరుకోదని నీకు తెలుసు. మొన్న కూరగాయల బండతను నన్ను చూడగానే తక్కెడ తుడుచుకున్నాడు. మీ వదిన తల కొట్టుకుంది.

బొమ్మని మాత్రం అల్మరా తలుపు లోపలివైపు అంటించాను. మీ వదిన చొక్కా తీసిచ్చేటప్పుడల్లా "మీ చెల్లెలి సముద్రం" అంటోంది.

ఒక సంగతి. శనివారం రెండు గంటలు బొమ్మలు సరే, మిగతా ఆరు రోజులూ ఏం చేస్తున్నావు? బావగారు పోయినప్పుడే వచ్చెయ్యమన్నాను. ఉద్యోగం ఉందన్నావు. కిందటేడు ఉద్యోగం అయిపోయింది, ఇంక వస్తావనుకుంటే ఎవరూ ఎరగని ఊళ్లో మూడో అంతస్తులో గది చూసుకున్నావు. మా వెనకగది ఖాళీగానే ఉంది. పోరు పెట్టడం లేదు, చెబుతున్నానంతే.

మోకాళ్ల నూనె రాసుకుంటున్నావా?

నీ మేలు కోరే
అన్నయ్య


జూలై 2

జరిమానాల అన్నయ్యకి,

సముద్రం వంకర కాదు, కాగితం అంటించుకున్న అట్ట వంకర. రంగు పైనుంచి కిందికి వరసగా జారడానికి అట్టకింద పుస్తకం పెట్టి ఏటవాలుగా ఉంచాలి. నేను పుస్తకం ఒక మూలకి పెట్టాను. ఇప్పుడు రెండు మూలలకీ రెండు సబ్బుపెట్టెలు పెడుతున్నాను. వచ్చే బొమ్మలు కొలుచుకో.

మిగతా ఆరు రోజులూ ఏం చేస్తున్నానని అడిగావు. సముద్రం చూస్తున్నాను! నా కిటికీలోంచి రెండు ఇళ్ల కప్పుల మధ్య చేటంత సముద్రం కనబడుతుంది. పొద్దున లేవగానే మొహమైనా కడుక్కోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంటాను. నీలం అనుకుంటాం గాని అన్నయ్యా, రోజంతా చూస్తే అందులో నీలం ఉండేది గంటో గంటన్నరో. మిగతా సమయమంతా బూడిదరంగు, ఆకుపచ్చ, ఒక్కోసారి కడిగిన గిన్నె రంగు. ఇన్నేళ్లూ తెల్లటి దుప్పట్లు మడతలు పెట్టిన కళ్లకి ఇదంతా ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. ఈ వయసులో ఒక కొత్త పని చేతికొచ్చింది, దాన్ని చేసుకునే తీరిక ఉంది, కుర్చీ వేసుకునే కిటికీ ఉంది. దేవుడికో, ఎవరికో, రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

నురుగుకి తెల్లరంగు వెయ్యకూడదట. తెల్లరంగు డబ్బా అసలు ఇవ్వనే లేదు మాస్టారు. నురుగు ఎక్కడుండాలో అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. అది మాత్రం నాకు చేతకావడం లేదు. చెయ్యి ఊరుకోదు, తెల్లగా కనబడితే ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది.

వదినకి చెప్పు, ఈసారి బొమ్మలో ఏమీ ఒలకలేదని.

నూనె రాసుకుంటున్న
నీ చెల్లి


జూలై 29

చెల్లాయ్,

నిన్న సాయంత్రం నీ బొమ్మలు ఏడూ భోజనాల బల్ల మీద వరసగా పరిచి చూశాం, నేనూ మీ వదినా. చూసినకొద్దీ మాకు మనసు మనసులో లేదు.

మొదటి రెండింటిలో కాస్త నీలం ఉంది. మూడోదాన్నుంచి అంతా బూడిద. ఆరోదానికి వచ్చేసరికి ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో కూడా తెలియదు. అయిదోదాని మీద చుక్కలు పడి ఆరిన మరకలున్నాయి. మీ వదిన వేలితో తడిమి చూసి, "ఏడుస్తూ వేసిందండీ" అంది, తనూ కళ్లొత్తుకుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. ఏడు సముద్రాల్లోనూ నరమానవుడు లేడు. ఒక పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డున ఒక కుక్క అయినా లేదు. అంత ఖాళీ ఎలా వచ్చింది నీకు?

నేను బొమ్మలు తెలిసినవాణ్ణి కాదు. కాని ముప్పై అయిదేళ్లు దుకాణదారు మొహం చూసి తూకం రాయి తక్కువో సరైనదో చెప్పినవాణ్ణి. నా దగ్గర దాచకు. నీకక్కడ బాగుందా? తిండి తింటున్నావా, కిటికీ దగ్గర కూర్చుని పస్తులుంటున్నావా?

వెంటనే జవాబు రాయి.

అన్నయ్య


ఆగస్టు 11
(బొమ్మ వెనక)

అన్నయ్యా, నీ ఉత్తరం నిన్ననే చూశాను, పెట్టెలో అడుగున పడి ఉంది. వివరంగా వచ్చేవారం రాస్తాను. మా ఏడుగురి బొమ్మలూ రేవు హాల్లో గోడకి కట్టి ప్రయాణికులకి చూపిస్తారట, అందుకని ఒక్క నిమిషం తీరిక లేదు. నేను బాగున్నాను. ఇది పొగమంచు పట్టిన పొద్దున. దీన్ని మూడుసార్లు పాడుచేసి నాలుగోసారి వేశాను.

నీ చెల్లి


ఆగస్టు 27

చెల్లాయ్,

పొగమంచు బొమ్మ చూశాం. అందులో సముద్రం కూడా లేదు. వెనక నాలుగు ముక్కలు గిలికి, బాగున్నానని రాసేస్తే నేను నమ్మేస్తానా? అమ్మ పోయినప్పుడు కూడా నువ్విలాగే బాగున్నానన్నావు.

ఇంక నిన్ను అడిగి లాభం లేదని చేసేశాను. నీకు గది అద్దెకిచ్చిన ఇంటావిడకి నీ పేరు మీద ఉత్తరం రాశాను, అక్టోబరు మొదటి తారీఖుకి గది ఖాళీ చేస్తున్నానని. కింద నీ సంతకం పెట్టాను. నీ సంతకం నాకేమీ కొత్త కాదు. ఆసుపత్రి ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చి నీకిస్తే, నాకెవరిస్తారని భయపడి పరుపుకింద దాచేశావు. దాన్ని తీసి, నింపి, నీ సంతకం పెట్టి పంపిందెవరు? ఆ సంగతి ఇప్పటిదాకా నీకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ముప్పై నాలుగేళ్లు నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డావు, నాకదే చాలు. ఈసారీ నీ మంచికే చేశాను.

వెనకగదికి సున్నం వేయించాను. కిటికీ కింద బల్ల వేయించాను, మూడడుగుల ఎనిమిదంగుళాలు, సమంగా ఉంది, మట్టం చూసే నీటి గొట్టం పెట్టి చూశాను. బొమ్మలు ఇక్కడ వేసుకో. మీ వదిన నీకోసం కొత్త తలగడ కుట్టింది.

సామాను సర్దడానికి సెప్టెంబరు ముప్పయ్యో తారీఖు నేనే వస్తాను. ఏమీ ఎత్తకు.

అన్నయ్య


సెప్టెంబరు 4

అన్నయ్యా,

నువ్వు రావద్దు.

ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. నీకెప్పుడూ ఎదురుచెప్పలేదు, అందుకే ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంటావిడ మొన్న మెట్ల మీద ఆపి, "ఎక్కడికి వెళుతున్నారు, ఒక్క మాటయినా చెప్పలేదే" అంది. ఎక్కడికీ లేదన్నాను. నా సంతకమే చూపించింది. నేను పెట్టినదానికన్నా బాగుంది. ఆవిడ అప్పటికే ఈ గది ఇస్తానని ఎవరో నర్సమ్మకి మాటిచ్చేసింది. చంటిపిల్లతో ఉందట, ఉన్న చోటు ఖాళీ చేసేసిందట కూడా. నీకు ఒళ్లు మండేలా రాయాలని ఉంది, రాయలేకపోతున్నాను. కాని నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

నీ ప్రశ్నలకి జవాబు అప్పుడే రాసుంటే ఇంతదూరం వచ్చేది కాదు, ఆ తప్పు నాది. ఇప్పుడు విను. మనుషులెందుకు లేరంటే, నాకు మనుషుల్ని వెయ్యడం రాదు! మొదటి ఆరు నెలలూ పడవలు, పక్షులు, మనుషులు వెయ్యకూడదని మాస్టారు గట్టిగా చెప్పాడు. నీళ్లు రాకముందే పడవ వేస్తే అందరూ పడవనే చూస్తారు, నీళ్లు ఎప్పటికీ రావు అంటాడు. మా ఏడుగురి సముద్రాలూ ఖాళీయే. రంగెందుకు పోయిందంటే, రెండు నీలాలు, ఒక గోధుమరంగు కలిపి ఎన్ని బూడిదలు చెయ్యొచ్చో ఆ నెల పాఠం. అయిదోదాని మీద మరకలు ఏడుపు కాదు. ఆరీ ఆరని రంగు మీద నీటిచుక్కలు పడ్డాయి. ఇస్త్రీకి ముందు చల్లిన నీళ్లు ఒకచోట ఎక్కువైతే దుప్పటి మీద అంచు కట్టుకుని ఉండిపోతుంది చూడు, అదే ఇది. దాన్నే మాస్టారు పదిసార్లు మెచ్చుకున్నాడు. అందుకే నీకు పంపాను.

నీ దగ్గరికి రావడం నాకు కష్టం కాదు. నువ్వూ వదినా నన్ను నెత్తిన పెట్టుకు చూస్తారు, తెలుసు. కాని పెళ్లయినప్పటినుంచీ ఎవరో ఒకరు కుదిర్చిన గదుల్లోనే ఉన్నాను. ఈ గది నేను వెతుక్కున్నాను. ముగ్గురు ఇంటివాళ్లు ఒంటరి ఆడదానికి ఇవ్వం అన్నాక నాలుగో ఇంట్లో దొరికింది. మూడంతస్తులు ఎక్కి కిటికీ తీసి, నాకిది కావాలి అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఆ మాట అన్న రోజు ఇంకోటి లేదు.

దరఖాస్తు సంగతి రాసిన చోటు మళ్లీ మళ్లీ చదివాను. ఇన్నేళ్లూ ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో నాకు వింతగానే ఉండేది. అమ్మ నింపి పంపిందేమో అనుకునేదాన్ని. ఆ ఉద్యోగం లేకపోతే ఆయన జబ్బు పడ్డప్పుడు మేమేమైపోయేవాళ్లమో. నీ రుణం నేనెన్ని జన్మలెత్తినా తీర్చలేను. తీర్చలేకపోయినా, వద్దు అని చెప్పనివ్వు.

నీ చెల్లి


సెప్టెంబరు 13

చెల్లాయ్,

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. నేను చదువుదామంటే అక్షరాలు నిలవలేదు.

చదివాక ఆవిడ, "ఒకమాట రాసి అడిగి ఉండాల్సింది" అంది. అంతే అంది. పొద్దుటిదాకా నాతో మాట్లాడలేదు.

నేను తూకంలో ఒక్క గ్రాము తేడా వస్తే దుకాణానికి తాళం వేసినవాణ్ణి. మా ఆఫీసులో నా పేరు చెబితే భయపడేవాళ్లు. అలాంటివాణ్ణి, చెల్లెలి పేరు పెట్టి దొంగ సంతకం చేశాను, రెండుసార్లు. మొదటిసారి మంచి జరిగింది కాబట్టి అది దొంగ సంతకమని నాకు తట్టనేలేదు. నీ బొమ్మల్లో ఖాళీ చూసి భయపడ్డాను. ఇప్పుడాలోచిస్తే, ఆ ఖాళీ నాదేనేమో అనిపిస్తోంది. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగడం మానేశారు. నువ్వొక్కదానివి మిగిలావు, మంచి చెడ్డా చూడ్డానికి.

ఈరోజు మీ ఇంటావిడకి ఉత్తరం రాశాను. నా పేరుతో, నా సంతకంతో. ఆ ముందు ఉత్తరం మా చెల్లెలు రాసింది కాదు, రాసింది నేను, సంతకం కూడా నేనే పెట్టాను, ఆమెకి తెలియదు, తప్పు నాది అని. హోదా కూడా కింద రాశాను, రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్ అని. రాసి పోస్టులో వేసి వచ్చాక కాస్త ఊపిరాడింది.

నర్సమ్మకి మాటిచ్చేసిందన్నావు, మరి ఏం చేస్తావు? నేను రానులే. కాని ఏం చేస్తావో రాయి. రాయకపోతే నాకు నిద్రుండదు.

క్షమించు అని రాయడం నాకు అలవాటు లేదు. రాస్తున్నాను.

అన్నయ్య


అక్టోబరు 5

అన్నయ్యా,

నువ్వూ వదినా కులాసాగా ఉంటే అంతకన్నా నాకు కావాల్సింది లేదు. నీతో పొద్దుటిదాకా మాట్లాడనందుకు వదినకి నా తరఫున ఓ ముద్దు.

మొత్తం పూసగుచ్చినట్టు చెబుతాను. నీ ఉత్తరం తీసుకుని ఇంటావిడ మూడంతస్తులూ ఎక్కొచ్చింది. ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి, నీ ఉత్తరం పైకి చదివింది. హోదా దగ్గర ఆగి, "ఇన్‌స్పెక్టరే!" అని ఒకటే నవ్వు. నాకూ ఆగలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక, "పాపం, ఎంత కష్టపడి రాశారో" అంది. ఆవిడ తమ్ముడు ఆవిడతో పదేళ్లుగా మాట్లాడడం లేదట. ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా మడిచి పట్టుకెళ్లింది.

గది మాత్రం తిరిగి రాలేదు. ఎలా వస్తుంది? నర్సమ్మ పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది, సంచులతో. ఆ పిల్ల నన్ను చూసి బోసినవ్వు నవ్వింది. నేనే కిటికీ తీసి చూపించి, పొద్దున ఎండ ఏ మూల పడుతుందో చెప్పి తాళం ఇచ్చేశాను. ఇచ్చాక ఆ కిటికీవైపు రెండుసార్లు తిరిగి చూశాను, అబద్ధమెందుకు.

ఆ తాళం ఇవ్వకముందు సంగతి ఇది: పైన మిద్దె మీద ఒక గదుంది. విరిగిన కుర్చీలూ, పాత డబ్బాలూ పడేసేవాళ్లు. "అది మీకు పనికొస్తుందేమో చూడండి" అంది ఇంటావిడ. ఆ మాట శనివారం క్లాసులో నోరుజారి చెప్పాను. ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి ఆరుగురూ, మాస్టారూ నిలబడి ఉన్నారు! డెబ్బయ్యేళ్ల బేకరీ ఆయన రెండు బకెట్లతో, కోర్టు గుమాస్తా చీపురుతో, మాస్టారు టికెట్ల కిటికీకి వేసే తాళంతో. ఆ రోజు రెండో పడవ దాకా కుర్చీలు దించారు, గోడలు తోమారు, నా సామాను మోశారు. ఒకళ్లకి నడుము పట్టేసింది, ఇంకొకళ్లకి తుమ్ములు. మెట్ల మీద ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ. నాకు ఇంతమంది ఉన్నారని నాకే తెలియదు అన్నయ్యా. నువ్వు ఆ పని చేసి ఉండకపోతే తెలిసేది కాదు. నీ మీద కోపం ఆ రోజే పోయింది, చెత్తతో పాటు దించేశారు.

మిద్దె గది చిన్నది. మధ్యాహ్నం కాస్త వేడిగా ఉంటుంది. కాని తలుపు తీస్తే రెండు కప్పుల మధ్య చేటంత కాదు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా సముద్రమే. స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. నీ వెనకగది బల్ల మాత్రం ఉంచు. రెండు వారాలు వచ్చి, మీ పెరడు బొమ్మ వేస్తాను. అడిగి వస్తాను, అడిగి వెళతాను.

ఇంతకీ అసలు సంగతి. మీ కుటుంబం ఉత్తరాలు ఇక నమ్మనని ఇంటావిడ తేల్చి చెప్పేసింది. ఏదైనా ఒప్పందం కాగితం మీద ఉండాలంది. కోర్టు గుమాస్తా చక్కగా రాసిచ్చాడు. అందులో నా పేరు నేనే రాసుకున్నాను. అక్షరం కాస్త వంకర పోయింది, అయినా నాదే. కింద సాక్షి సంతకానికి గీత ఉంది. తనే పెట్టేస్తానని ఆయన పెన్ను తీశాడు. వద్దండీ, నాకు సాక్షి ఉన్నాడు అన్నాను. ఇది నా సంతకమేనని చెప్పాల్సి వస్తే, దాన్ని నీకన్నా బాగా ఎరిగినవాళ్లు ఈ భూమ్మీద ఎవరున్నారు?

ఆ కాగితం ఈ కవరులో పెట్టాను. గీత మీద నీ పేరు రాయి అన్నయ్యా, నీ చేత్తో. పోస్టులో పంపకు. వదినని తీసుకుని నువ్వే పట్టుకురా.

మిద్దె మెట్ల దగ్గర నిలబడి ఉండే
నీ చెల్లి